‘పొడి మాటలు’: ఒక విద్యార్థి ప్యాకేజింగ్ నమూనా

మిరియాల పొడి డబ్బాకు ‘పొడి మాటలు’ అని పేరు పెట్టిన ఈ విద్యార్థి ప్రాజెక్టులో, చూర్ణమనీ తడి లేనిదనీ రెండర్థాలున్న ఒకే పదం లోపలి సరుకునూ, దానిని తేమ నుంచి కాపాడవలసిన డబ్బా బాధ్యతనూ ఒకేసారి చెప్పడం నన్ను ఆకట్టుకుంది. అయితే ఆ మాటను డబ్బా నిలబెట్టుకోలేదు. పూత లేని అట్ట తేమను ఆపదు. నూరిన మిరియాలలోని సువాసన తైలాలు త్వరగా ఆవిరైపోతాయి కనుక లోపల అల్యూమినియం రేకు పొర ఉండవలసింది. అట్టను దానిలోని నారపోగుల దిశకు అడ్డంగా మడవడంతో అంచున సిరా పగిలి, ‘మాటలు’ కాస్తా ‘మాట’గా మిగిలింది (అదీ శ్లేషేనేమో!). ప్రతి మడతలోనూ ఒక చమత్కారాన్ని ఇరికించడం అనవసరం. మూతకున్న మూడు చిల్లులను మాత్రం, చెప్పబోయి ఆపేసిన వాక్యం చివరి చుక్కల్లా పేరు పక్కనే అమర్చడం నిజంగా తెలివైన పని.