గోడౌన్‌కు మనుషుల్ని పంపే సర్వీసులు: మేస్త్రీ, ఏజెన్సీ, యాప్‌లలో దేనికి ఎవరిని పిలవాలి

హైదరాబాద్ పక్కనున్న మేడ్చల్, గుండ్లపోచంపల్లి, దేవరయాంజాల్ వైపు గోడౌన్లకు మనుషులు మూడు దారుల్లో వస్తారు. హమాలీ మేస్త్రీ, లేబర్ సప్లై ఏజెన్సీ, రోజువారీ పనివాళ్లను పంపే ఫోన్ యాప్. ఇరవై నుంచి అరవై మందితో నడిచే గోడౌన్‌ను దృష్టిలో పెట్టుకుని ఈ మూడింటి మంచిచెడ్డలు ఇక్కడ చెబుతున్నాం. మా తీర్పు ముందే చెప్పేస్తాం. లోడు దించడానికి మేస్త్రీ, నెలంతా నడిచే పికింగ్ (ఆర్డరు చూసి సరుకు ఏరి తేవడం), ప్యాకింగ్‌కు ఏజెన్సీ, పండగ సేల్ వారానికి యాప్. ఒకరి పని ఇంకొకరికి అప్పగించినప్పుడే చాలాచోట్ల గొడవ మొదలవుతుంది.

మేస్త్రీతో మొదలుపెడదాం. ఆయన గుంపులో ఎనిమిది నుంచి పన్నెండు మంది ఉంటారు, చాలావరకు ఒకే ఊరివాళ్లో చుట్టాలో. కూలి బస్తా లెక్కన. సాయంత్రం గుమాస్తా లెక్క తేల్చగానే వచ్చిన డబ్బు సమానంగా పంచుకుంటారు. అందుకే ఒకడు ఒళ్లు దాచుకుంటే పక్కవాడే ఊరుకోడు, సూపర్‌వైజర్ కేకలు వేయాల్సిన అవసరం ఉండదు. తెల్లవారుజామున నాలుగింటికి లారీ వచ్చినా ఒక్క ఫోన్‌తో మనుషులు దిగుతారు. హాజరు విషయంలో మేస్త్రీకి సాటి లేదు.

లోపాలు చిన్నవి కావు. చాలామంది మేస్త్రీలకు పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) నంబర్లే ఉండవు. ఈఎస్ఐ లేని మనిషి మీద ప్యాలెట్ పడితే నష్టపరిహారం గోడౌన్ యజమాని మెడకే చుట్టుకుంటుంది. రెండోది కొక్కెం. గోనెసంచికి అలవాటుపడ్డ చెయ్యి ప్లాస్టిక్ నేత సంచికీ అదే కొక్కెం వేస్తుంది. సంచి అప్పుడు చిరగదు, పోగులు మాత్రం తెగుతాయి. రాక్ ఎక్కిన రెండో రోజు గింజలు కారడం మొదలవుతుంది, డ్యామేజ్ ఎవరి ఖాతాలో రాయాలో తేలదు. కొక్కేలు గేటు దగ్గరే తీసిపెట్టించాలి. మూడోది పండగ. గుంపంతా ఒకే ఊరివాళ్లు కాబట్టి వెళ్తే అందరూ ఒకేసారి వెళ్తారు. బిహార్ గుంపు హోలీకి, దీపావళి తర్వాత వచ్చే ఛఠ్‌కు ఖాళీ అవుతుంది. శ్రీకాకుళం గుంపు సంక్రాంతికి వెళ్తుంది. రెండు వేర్వేరు ప్రాంతాల గుంపులతో మాట్లాడి పెట్టుకుంటే షట్టర్ మూసుకోవాల్సిన పని పడదు.

ఇక ఏజెన్సీ. ఇక్కడ చూడాల్సింది కొటేషన్. నెలకు 15,000 గ్రాస్ ఉన్న ప్యాకర్‌ను తీసుకోండి. యజమాని వాటా పీఎఫ్ 12 శాతం అంటే 1,800. ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో వచ్చే జీవిత బీమా), అడ్మిన్ ఛార్జీలు చెరో అర శాతం, కలిపి 150. ఈఎస్ఐ 3.25 శాతం, 488. బోనస్ 8.33 శాతం, 1,250. ఇక్కడికి 18,688 అయింది. సర్వీస్ ఛార్జీ 8 శాతం అనుకుంటే 1,495, మొత్తం మీద జీఎస్టీ 18 శాతం, 3,633. బిల్లు 23,816 దగ్గర తేలుతుంది. జీఎస్టీ నంబరున్న వ్యాపారానికి ఆ పన్నులో చాలావరకు క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది, అది వేరే లెక్క. ఆ ప్యాకర్ జీతంలోంచి పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 113 పోతే చేతికి వచ్చేది 13,087. పక్క గోడౌన్‌లో నగదుగా 14,000 ఇస్తామంటే అతను వెళ్లిపోతాడు. దాన్ని విశ్వాసం లేకపోవడం అనకండి, చేతికి వచ్చే డబ్బు లెక్క అది. చేరిన రోజే కాగితం మీద ఈ లెక్కంతా రాసి, పీఎఫ్‌లో తన 1,800తో పాటు యజమాని 1,800 కూడా తన పేరు మీదే పడుతుందని, అందులో కొంత పెన్షన్‌కు పోతుందని చూపిస్తే ఆగేవాళ్లు ఆగుతారు.

సర్వీస్ ఛార్జీ మరీ తక్కువ చెప్పే ఏజెన్సీని చూసి సంబరపడొద్దు. ఆ తేడా ఎక్కడో ఒకచోట రాబట్టుకుంటారు. మామూలుగా మూడు చోట్ల. మొదటిది దొంగ హాజరు, ఇరవై ఆరు మంది వస్తే ముప్పై మందికి బిల్లు. రెండోది పీఎఫ్ కోసి కట్టకపోవడం. మూడోది ఓవర్‌టైమ్, బిల్లులో రెట్టింపు వేసి మనిషికి సాదా రేటు ఇవ్వడం. మొదటి రెండింటికీ మందు ఉంది. హాజరు మీ గేటు దగ్గర మీ మిషన్‌లోనే పడాలి. పీఎఫ్, ఈఎస్ఐ కట్టడానికి తర్వాతి నెల 15 గడువు. చలానా ఒక్కటే చూసి ఊరుకోకుండా పేర్లు, యూఏఎన్ (ఒక్కొక్కరి పీఎఫ్) నంబర్లు ఉన్న ఈసీఆర్ షీటు, అంటే ఎవరి పేరు మీద ఎంత కట్టారో చూపే నెలవారీ జాబితా అడిగి, మీ హాజరు పట్టీతో పేరుకు పేరు కలిపి చూడాలి. నెలకు ఐదుగురి చేత ఫోన్‌లో పాస్‌బుక్ తెరిపించినా చాలు. ఇది అనుమానం కొద్దీ చేసే పని కాదు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే చెల్లించాల్సింది పని చేయించుకున్న యజమానే. 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టంలో ఉన్న ఈ నిబంధన కొత్త లేబర్ కోడ్‌లోనూ ఉంది.

ఇంకో మాట తప్పక అడగాలి. మీ దగ్గర్నుంచి బిల్లు డబ్బు రాకముందే 7వ తేదీకల్లా జీతాలు వేసే స్తోమత ఏజెన్సీకి ఉందా? మీరు నలభై ఐదు రోజులకు చెల్లిస్తూ, వాళ్లు మీ డబ్బు వచ్చాకే జీతం వేస్తూ ఉంటే ఎవరూ నిలవరు. పన్నెండో తారీఖున సగం మంది మాయమయ్యారంటే ముందు జీతం ఏ రోజు పడిందో చూడండి.

యాప్‌ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పది మంది కావాలంటే పన్నెండు మందిని అడగాలి, ఎప్పుడూ ఒకరో ఇద్దరో రారు. కార్టన్ మడతపెట్టడం, లేబుల్ అతికించడం, పిన్‌కోడ్ చూసి సార్టింగ్ చేయడం, ఇంతవరకే. మందుల బ్యాచ్‌లు, రిటర్న్ సరుకు, ఫోన్ల బాక్సులు వాళ్ల చేతికి ఇవ్వొద్దు. ప్రమాద బీమా ఆ ఒక్క రోజుకు వర్తిస్తుందో లేదో బుకింగ్‌కు ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఇప్పుడు అందరూ చెప్పే ఫిర్యాదు. ‘పాతవాళ్లు పనిమంతులు, ఈకాలం పిల్లలకు ఒళ్లు వంగదు, చేతిలో ఫోను దిగదు.’ ఇందులో సగమే నిజం, ఆ సగానికీ కారణం కూలి లెక్కలో ఉంది. పాత హమాలీకి బస్తా బస్తాకూ డబ్బు. ఇప్పటి పికర్‌కు షిఫ్టుకు ఇంత. ఎనభై లైన్లు (ఆర్డరు జాబితాలో ఒక్కో సరుకు ఒక లైను) తీసినా, నూట నలభై తీసినా జీతం ఒక్కటే. ఆ లెక్కలో యాభై ఏళ్ల మనిషిని పెట్టినా కొన్నాళ్లకు నెమ్మదిస్తాడు. కుర్రాళ్లకు లైన్ల మీద ప్రోత్సాహకం పెట్టిచూడండి, చేతులు ఎంత వేగంగా ఆడతాయో తెలుస్తుంది. వట్టి లైన్ల సంఖ్యకే డబ్బు పెడితే మాత్రం తప్పు సరుకు ప్యాక్ అవుతుంది. చెకింగ్ టేబుల్ దగ్గర దొరికిన ప్రతి తప్పుకూ పది లైన్లు తీసేస్తామని ముందే చెప్పాలి.

లారీలు సరుకు దించే డాక్ దగ్గర కాసేపు నిలబడి చూస్తే రెండు తరాల తేడా కళ్లకు కడుతుంది. లారీ తలుపు తీయగానే పెద్దాయన దేన్నీ ముట్టుకోడు. ముందు లోడు ఏ వైపు ఒరిగిందో చూస్తాడు, పై వరసలో వదులుగా ఉన్న పెట్టెను అరచేత్తో ఒకసారి తోసి చూస్తాడు, ఆ తర్వాతే మనిషిని ఎక్కిస్తాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడు నేరుగా ఎక్కేస్తాడు. అదే కుర్రాడు స్కానర్ గన్ పట్టుకుంటే మూడో పెట్టె దగ్గరే ఆగి ‘అన్నా, బ్యాచ్ నంబరు ఇన్‌వాయిస్‌తో కలవట్లేదు’ అంటాడు. పెద్దాయన అయితే లోడంతా దించేసేవాడు, తేడా జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు రాసే రసీదు) వేసేటప్పుడు బయటపడేది. ఒక్కో షట్టర్ దగ్గర వీళ్లిద్దరినీ జోడీగా పెట్టడమే సరైన పద్ధతి. లారీలో అడుగు పెట్టే నిర్ణయం పెద్దాయనది, గన్ కుర్రాడిది.

‘వయసు మళ్లినవాళ్లు స్కానర్ నేర్చుకోరు’ అనే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. పెట్టె మీద సన్నగా అచ్చయిన బ్యాచ్ నంబరును మూరెడు దూరంలో పట్టుకుని చదవమనండి. చెయ్యి చాచి దూరంగా పెట్టుకుంటే అది చత్వారం. నలభై దాటాక ఎవరికైనా వచ్చేదే, దగ్గరి చూపు అద్దాలతో తీరిపోతుంది. గన్ తెరను తెలుగులోకి మార్చే వీలుంటే మార్చండి, అక్షరాల సైజు పెంచండి. నేర్చుకోలేరని పక్కన పెట్టేసిన మనుషుల్లో చాలామందికి అడ్డుపడింది ఇదే. ఇన్నేళ్ల పనితనాన్ని ఒక కళ్లద్దాల జతకోసం పోగొట్టుకోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఏజెన్సీ పంపిన మనిషిని ఇంటర్వ్యూ కన్నా అరగంట పనిలో పెట్టి చూడటం మేలు. పది లైన్ల పిక్ లిస్టు ఇచ్చి, అందులో ఒక బిన్‌లో, అంటే సరుకు ఉంచే గడిలో, కావాలనే వేరే సైజు సరుకు పెట్టండి. దాన్ని గమనించి అడిగినవాడు పనికొస్తాడు, చప్పుడు చేయకుండా పెట్టెలో వేసుకున్నవాడికి ఇంకొంచెం నేర్పాలి. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడికి సర్టిఫికెట్ ఉన్నా నడిపించి చూడాల్సిందే. ఫోర్కులు నేలకు జానెడు లోపు ఎత్తులో ఉంచి నడుపుతున్నాడా, సరుకు ఎదురుచూపుకు అడ్డం వస్తే రివర్సులో వెళ్తున్నాడా అన్నవి చాలు.

మానేసేవాళ్లలో ఎక్కువమంది మొదటి మూడు రోజుల్లోనే మానేస్తారు, కారణాలు చిన్నవి. రాత్రి పదింటికి షిఫ్టు వదిలితే దేవరయాంజాల్ లోపలి రోడ్ల నుంచి బస్సు దొరకదు. తాగునీళ్లు ఎక్కడున్నాయో ఎవరూ చూపించరు. పేరు పెట్టి పిలిచేవాళ్లుండరు, ‘ఏయ్, బ్లూ షర్ట్’ అంటారు. పాతతరం మనిషి ఇల్లు గడవాలని ఆ మాట మింగేవాడు. కుర్రాడు మింగడు, పక్క వీధిలోనే ఇంకో గోడౌన్ ఉంది. మెయిన్ రోడ్డు దాకా ఒక ఆటో, మొదటి మూడు రోజులు పక్కన ఉండి నేర్పే ఒక పాత మనిషి, ఆ మనిషికి దానికోసం కొంత అదనపు డబ్బు. ఏజెన్సీ ఇచ్చే ‘24 గంటల్లో వేరే మనిషి’ హామీ కన్నా ఇవే ఎక్కువ పనిచేస్తాయి.

ఆ హామీని కూడా వదులుకోవద్దు. అగ్రిమెంటులో రెండు వాక్యాలు మీరే రాయించండి: మీ దగ్గర పని నేర్చుకున్న మనిషిని మూడు నెలల్లోపు ఏజెన్సీ తన ఇంకో కస్టమరుకు మార్చకూడదు, ఈఎస్ఐ నంబరు రాని మనిషిని మొదటి షిఫ్టుకు కూడా పంపకూడదు. ఈ రెండో వాక్యం దగ్గర నీళ్లు నమిలే ఏజెన్సీని అక్కడితోనే పంపించేయండి.