సోలో జాజ్ పియానో: ముందు జారెట్టా, మంకా?

బేస్ లేదు, డ్రమ్స్ లేవు. ఒక్క మనిషి, ఒక్క పియానో. ఈ దారిలో కొత్తగా అడుగుపెట్టేవాళ్లకు ఎదురయ్యే రెండు ఆల్బమ్‌లు: కీత్ జారెట్ 'ది కోల్న్ కాన్సర్ట్' (1975), థెలోనియస్ మంక్ 'సోలో మంక్' (1965).

సమయం: జారెట్‌ది గంటకు పైనే, మొదటి భాగమే 26 నిమిషాలు. మంక్‌వి చాలావరకు రెండు నుంచి నాలుగు నిమిషాల ముక్కలు.

ఖర్చు: స్ట్రీమింగ్‌లో తేడా లేదు. ఎల్పీ కొంటే జారెట్‌వి రెండు రికార్డులు.

వాయింపు: అసలు తేడా ఇక్కడే. జారెట్‌ది దాదాపు అంతా అప్పటికప్పుడు పుట్టిన సంగీతం. కోల్న్ కచేరీ రాత్రి అతను అడిగిన పియానో రాలేదు. దొరికినదాంట్లో పై స్వరాలు పీలగా, కింది స్వరాలు బలహీనంగా ఉన్నాయి. అందుకే ఎక్కువగా మధ్య మెట్ల మీదే తిరుగుతూ, ఎడమచేత్తో ఒకే వరసను మళ్లీమళ్లీ తిప్పాడు. వినేవాణ్ణి పట్టేసేది ఆ తిప్పుడే. మంక్ తన బాణీలతోపాటు పాత పాటలూ ఎత్తుకుంటాడు. ఎడమచెయ్యి న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పుట్టిన స్ట్రైడ్ పద్ధతిలో కింద ఒక స్వరం, పైన ఒక కార్డ్ (కలిపి మోగించే స్వరాలు) వేస్తూ నడుస్తుంది. కుడిచెయ్యి పక్కపక్క మెట్లను ఒకేసారి నొక్కేసరికి తప్పు పడిందేమో అనిపిస్తుంది. పడలేదు.

ఇబ్బంది: జారెట్ మధ్యమధ్యలో మూలుగుతాడు, కొందరికి అది భరించడం కష్టం. మంక్‌ని పని చేసుకుంటూ వినలేం, ధ్యాస లాగేస్తాడు.

రాగాలాపన తీరిగ్గా వినే అలవాటుంటే జారెట్‌తో మొదలుపెట్టండి. పాట గుర్తుపట్టాలి, దాన్ని ఎలా విరిచాడో చూడాలి అనుకుంటే మంక్. నా ఓటు మంక్‌కే.