వంద కిలోవాట్ల సరుగుడు గ్యాసిఫయర్ సెట్టు: విశాఖ సర్వర్ గదికి పనికొస్తుందా?

2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖకి గిగావాట్ స్థాయి డేటా సెంటర్ ప్రకటించాక, కర్రని అరకొర గాలిలో కాల్చి ఇంజన్‌కి పనికొచ్చే గ్యాస్ చేసే గ్యాసిఫయర్లు అమ్మేవాళ్ల కరపత్రాల్లోకి కూడా 'డేటా సెంటర్' అన్న మాట ఎక్కింది. భీమిలి నుంచి పూసపాటిరేగ దాకా సరుగుడు తోటలే, కర్ర మన ఇంటి పక్కనే, కరెంటు మనమే చేసుకోవచ్చు అంటారు. ఈ సమీక్ష వంద కిలోవాట్ల డౌన్‌డ్రాఫ్ట్ (గ్యాస్ పైనుంచి కిందికి పోయే రకం) గ్యాసిఫయర్, దానికి తగిలించిన గ్యాస్ ఇంజన్ గురించి. ఏ ఒక్క కంపెనీ సరుకో కాదు. ఈ సైజులో వచ్చే సెట్లన్నీ దాదాపు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి, ఒకే పద్ధతిలో మొరాయిస్తాయి.

ముందు పెద్ద లెక్క తేల్చేద్దాం. ఒక యూనిట్ కరెంటుకి ఎండు కర్ర దాదాపు 1.2 కిలోలు కాలుతుంది. ఒక మెగావాట్ ఏడాది పొడవునా ఆగకుండా నడవాలంటే పదిన్నర వేల టన్నులు కావాలి. ఎకరా సరుగుడు నాలుగేళ్లకి 32 టన్నుల పచ్చి కర్ర ఇస్తుందనుకుంటే, ఎండాక ఏడాదికి ఐదు టన్నుల చిల్లర మిగులుతుంది. అంటే మెగావాట్‌కి రెండు వేల ఎకరాలు, గిగావాట్‌కి ఇరవై లక్షల ఎకరాలు. పైగా ఈ కర్ర కోసం కాగితం మిల్లులు కూడా కాచుకుని ఉంటాయి. పెద్ద డేటా సెంటర్‌ని దీంతో నడుపుతామని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. 60 కిలోవాట్ల సర్వర్ లోడున్న చిన్న గదికైతే మాత్రం దీని గురించి ఆలోచించవచ్చు.

యంత్రం సంగతి. పైన హాపర్లో, అంటే తొట్టిలో, కర్ర ముక్కలు పోస్తారు. కింద సన్నగా ఉండే గొంతు దగ్గర నిప్పు వెయ్యి డిగ్రీల పైన ఉండాలి. కర్రలోంచి వచ్చిన తారు ఆ వేడిలోనే విరిగి గ్యాస్ అవుతుంది. బయటికొచ్చే గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ చెరో 18 శాతం దాకా ఉంటాయి, సగం దాకా నైట్రోజనే. అందుకే ఘనమీటరుకి వెయ్యి, పదకొండు వందల కిలోకేలరీలకి మించి బలం ఉండదు. దాన్ని చల్లార్చి, కడిగి, రంపం పొట్టు వడపోత, గుడ్డ సంచి వడపోత దాటించి ఇంజన్‌కి పంపుతారు. వంద కిలోవాట్లలో బ్లోయర్లు, పంపులు పది దాకా తినేస్తాయి. చేతికొచ్చేది తొంభై.

ముక్క సైజు 25 నుంచి 50 మిల్లీమీటర్లు ఉండాలి. పొడుగు పుల్లలు కలిస్తే హాపర్లో అడ్డంగా పడి కమాను కడతాయి, కింద నిప్పు ఆకలితో మాడుతుంది. పొట్టు ఎక్కువైతే గాలి ఆడదు. రెండిటి లక్షణమూ ఒకటే: గ్యాస్ పీడనం ఊగిసలాడుతుంది, కరెంటు ఫ్రీక్వెన్సీ దాని వెంట ఊగుతుంది. మధ్యలో ఆన్‌లైన్ యూపీఎస్ (వచ్చే కరెంటు ఊగినా నిలకడగా ఇచ్చేది) లేకుండా సర్వర్‌ని దీనికి తగిలించకూడదు.

అసలు చిక్కు తేమ దగ్గరే ఉంది. ముక్కలో తేమ 15 శాతం ఉంటే యంత్రం బుద్ధిగా నడుస్తుంది, 20 దాటితే బెడద మొదలు, 30 అయితే వద్దే వద్దు. నీళ్లు ఆవిరి కావడానికే వేడి ఖర్చయిపోయి గొంతు చల్లబడుతుంది. విరగని తారు వడపోతలు దాటి ఇంజన్ వాల్వులకి, థ్రాటిల్‌కి జిగురులా పడుతుంది. మర్నాడు పొద్దున ఇంజన్ తిరగదు. నింద ఇంజన్ మీద పడుతుంది గానీ దొంగ షెడ్డులో ఉంటాడు.

తేమ జేబుకీ చిల్లు పెడుతుంది. వేబ్రిడ్జి మీద టన్ను పచ్చి కర్ర కొంటే అందులో 450 కిలోలు నీళ్లే. 15 శాతానికి ఎండాక చేతిలో మిగిలేది 650 కిలోలు. పచ్చి కర్ర టన్ను 4,000 రూపాయలైతే ఎండు కర్ర 6,200 పడ్డట్టు. నికరంగా అందే యూనిట్‌కి కర్ర ఖర్చే ఎనిమిది రూపాయల పైన. అందులో కూలీలు, నూనె, వడపోతలు కలపలేదు. లీటరుకి మూడున్నర యూనిట్లిచ్చే డీజిల్ జనరేటర్‌తో పోలిస్తే చవకే. ఏపీఈపీడీసీఎల్ కరెంటు బిల్లుతో పోల్చినప్పుడు మాత్రం ఉత్సాహం కొంచెం తగ్గుతుంది.

ఎండబెట్టే పద్ధతి ఇదీ. కర్రని దుంగలుగానే ఉంచి, నేలకి జానెడు ఎత్తున, గాలి ఆడేలా పేర్చాలి. పచ్చి ముక్కల్ని గుట్ట పోస్తే లోపల పులిసి వేడెక్కుతుంది, బూజు పడుతుంది. వేసవిలో రెండు మూడు నెలలకి తేమ 30 లోపుకి దిగుతుంది. సముద్రపు గాలి పుణ్యమా అని వానాకాలంలో ఎంతకాలం ఉంచినా ఇరవై దగ్గరే మొండికేస్తుంది. మిగతా తేమ ఇంజన్ పొగ వేడితో తియ్యాలి. గంటకి 120 కిలోల ముక్కల్ని 30 నుంచి 15కి దింపడానికి 26 కిలోల నీళ్లు పోవాలి, ఆ పనికి పాతిక కిలోవాట్ల వేడి చాలు. పచ్చిదే తెచ్చి ఆరబెడతానంటే 65 కావాలి.

ఆ వేడి మీద ఇంకొకరి కన్నూ ఉంది. పొగ, ఇంజన్‌ని చల్లార్చే జాకెట్ నీళ్లు కలిపి వాడుకోదగ్గ వేడి 115 కిలోవాట్ల దాకా వస్తుంది. ఆరబెట్టగా మిగిలిన తొంభైని వేడితోనే చల్లదనం చేసే లిథియం బ్రోమైడ్ చిల్లర్‌కి ఇస్తే అరవై కిలోవాట్ల చల్లదనం, అంటే 17 టన్నుల ఏసీ. అరవై కిలోవాట్ల సర్వర్ గదికి దాదాపు సరిపోయేంత. ఈ సెట్టులో మాకు నిజంగా నచ్చింది ఇదొక్కటే. అయితే మే నెల ఉక్కలో కూలింగ్ టవర్ నీళ్లు చల్లబడవు, చిల్లర్ బలం తగ్గుతుంది. మామూలు ఏసీ ఒకటి పక్కన సిద్ధంగా ఉండాల్సిందే.

ఇతర ఇంధనాల గురించి అడుగుతారు కాబట్టి. మొక్కజొన్న కండెలు బాగా పనిచేస్తాయి, కొబ్బరి చిప్ప ఇంకా బాగు. ఊకలో ఐదో వంతు బూడిదే, అందులోనూ ఎక్కువ భాగం సిలికా. కర్ర కోసం చేసిన గొంతులో పోస్తే కరిగి గడ్డకట్టి, అడుగున బూడిద జారే గ్రేటుని పట్టేస్తుంది. పలాస జీడి తొక్కలో నూనె తియ్యకుండా వేస్తే ఆ ఘాటు పొగ యంత్రాన్నీ మనుషుల్నీ తినేస్తుంది. అనకాపల్లి చెరకు పిప్పి మీద ఆశ పెట్టుకోకండి. బెల్లం పొయ్యిల్లోకే అది పోతుంది.

కరెంటు పోయిన వెంటనే ఆదుకుంటుందనుకుంటే పొరపాటు. చల్లారిన గ్యాసిఫయర్ ఇంజన్‌కి పనికొచ్చే గ్యాస్ ఇవ్వడానికి అరగంట పడుతుంది, యూపీఎస్ బ్యాటరీ పది పదిహేను నిమిషాలే. డీజిల్ సెట్టు తీసెయ్యడానికి లేదు. గ్యాసిఫయర్ని రోజంతా ఒకే లోడు మీద నడిపించాలి, సర్వర్ల లోడు నిలకడగా ఉంటుంది కాబట్టి అది కుదురుతుంది. ఇంకో సెట్టు లేకపోతే శుభ్రం చేసే రోజున గ్రిడ్డే గతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను కొట్టినప్పుడు ఊరు ఎన్నాళ్లు చీకట్లో ఉందో గుర్తున్నవాళ్లు అక్టోబర్ మొదటికల్లా నెల రోజుల ముక్కలు లోపల పెట్టుకుంటారు. రోజుకి మూడు టన్నుల చొప్పున 90 టన్నులు. రెండు మీటర్ల ఎత్తు పోసినా రెండు వేల చదరపు అడుగులు దాటుతుంది. పైరేకులు ఎగిరిపోని షెడ్డు కావాలి, టార్పాలిన్ చాలదు. ఆ స్థలం నగరం లోపల దొరకదు, ఆనందపురం అవతలే.

గ్యాస్ లీకయితే ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. హాపర్ దగ్గర, ఇంజన్ గదిలో 50 పీపీఎంకే (గాలిలో పది లక్షల వంతుల్లో 50) మోగే అలారాలు పెట్టించాలి. హాపర్ మూత తెరిచేటప్పుడు ఇద్దరుండాలి. గ్యాస్‌ని కడిగే స్క్రబ్బర్ నీళ్లలో ఫినాల్ అనే విషం ఉంటుంది, కాలువలోకి వదలకూడదు. ఆ నీళ్లు శుద్ధి చేసే ట్యాంకు ధర కొటేషన్లో ఉందో లేదో చూడండి. చాలాసార్లు ఉండదు.

కొనేముందు అడగాల్సినవి: ఘనమీటరు గ్యాస్‌కి తారు 50 మిల్లీగ్రాముల లోపు అని రాసిస్తారా, ఆ కొలత ఎంత తేమ ఉన్న కర్రతో తీశారు, ఉప్పుగాలికి బయటి పైపులకి ఏ పూత వేస్తారు. తేమ 15 శాతం దాటితే వారంటీ చెల్లదన్న షరతు ఏదో ఒక మూల ఉంటుంది. కాబట్టి తేమ మీటరు సొంతంగా కొని, ప్రతి లోడుకీ కొలిచి, లారీ నంబరుతో సహా పుస్తకంలో రాయించండి.