గోధుమ చేను తీయించాక కరపత్రం బాగానే వచ్చింది

పంచాయతీ ఎన్నికల మాట వచ్చినప్పుడల్లా మా ఊళ్ళో వాళ్ళు "మీ కరపత్రం ఎక్కడ వేయించారమ్మా" అని అడుగుతుంటారు. అందుకే రాస్తున్నాను. 2021 ఫిబ్రవరిలో మా నాన్నగారు సర్పంచ్‌గా నిలబడినప్పుడు, అమలాపురంలో ఒక ప్రింటింగ్ షాపులో రెండు వేల కరపత్రాలు, నాలుగు ఫ్లెక్సీలు చేయించాం.

ఈ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. నామినేషన్ల విత్‌డ్రాలు అయ్యాకే గుర్తు ఇస్తారు, అక్కడి నుంచి పోలింగ్‌కి వారం కూడా ఉండదు. మాకు ఉంగరం గుర్తు వచ్చిన సాయంత్రమే షాపుకి పరిగెత్తాను. కూర్చోడానికి స్టూలు కూడా లేదు, చుట్టుపక్కల ఊళ్ళ ఉంగరాలు, కత్తెరలు అన్నీ అక్కడే ఉన్నాయి.

మొదటి ప్రూఫ్‌లో నాన్నగారి వెనక గోధుమ చేను! "పొలం బొమ్మేనండి, అందరికీ ఇదే పెడుతున్నాం" అన్నాడు కంప్యూటర్ దగ్గరి అబ్బాయి. మా ఉప్పలగుప్తం మండలంలో గోధుమ ఎక్కడ పండుతుంది బాబూ? వరి వెన్ను చూసి స్వర్ణ రకమో, 1010 రకమో చెప్పేసే వాళ్ళ చేతిలో ఆ కాగితం పెడితే ఇంకేమైనా ఉందా!

పైగా "పేదల పెన్నిధి, బడుగుల ఆశాజ్యోతి" అని రెడీమేడ్ మేటరు. అది కొట్టేయించి అరపేజీ నేనే రాసిచ్చాను. 1997లో కాలువ నీళ్ళ పంపకం చూసుకోడానికి రైతుల నీటి సంఘాలు వచ్చినప్పుడు నాన్నగారు మా కాలువ సంఘానికి ప్రెసిడెంటు అయ్యారు. శివారు చేలకి నీళ్ళు రావాలని రాత్రిళ్ళు లాంతరు పట్టుకుని గట్టు మీద తిరగడం, డ్రెయిన్‌లో ఛాతీ లోతు దిగి గుర్రపుడెక్క లాగించడం, ఆయన రాజకీయం అక్కడ మొదలైంది. 2011 సార్వాకి, అంటే వానాకాలం వరికి, కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు, ముందు మా ఐదెకరాలూ బీడు పెట్టి ఆ తర్వాతే పక్కవాళ్ళని అడిగారు. ఆ ఏడాది ధాన్యం మద్దతు ధర క్వింటాలుకి 1,080, అంటే 75 కిలోల బస్తాకి 810 రూపాయలు. కూలీలకి ఇచ్చి, ముంపుకి వదిలేస్తే చేతికేం వస్తుంది? "ఊడ్పులు లేవు గానీ మీటింగులకి లోటు లేదు" అని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

రెండో ప్రూఫ్‌లో 'నీటి సంఘం' కాస్తా 'నీతి సంఘం అధ్యక్షుడు' అయింది. ఫోన్లో చదివి వినిపిస్తే "ఉంచేయమ్మా, బానే ఉంది" అన్నారు నాన్నగారు.

మూడుసార్లు మార్పించినా ఆ అబ్బాయి విసుక్కోలేదు, అది చెప్పుకోవాలి. నా ఫోన్లోంచి నాన్నగారు పార భుజాన వేసుకుని వరి నాట్లు ఊడ్చిన చేలో నిలబడ్డ ఫొటో తీసి, బురద కాళ్ళు కత్తిరించకుండా పెట్టాడు. వార్డు మెంబరుది తెల్ల బ్యాలెట్, సర్పంచ్‌ది గులాబీ, ముసలివాళ్ళు తికమకపడతారని కింద గులాబీ పట్టీ వేసింది కూడా అతనే. ఆ ఆలోచన నాకు రాలేదు. రాత్రి ఒంటిగంటకి కట్టలు చేతిలో పెట్టారు.

ఫ్లెక్సీలకి మాత్రం వేరే షాపు చూసుకోండి. అడుగుకి పది రూపాయలు తీసుకున్నారు, మా ఉంగరం దూరం నుంచి గారెలా కనబడింది.

గెలిచారు లెండి. మెజారిటీ అడక్కండి. మిగిలిన కరపత్రాల వెనక నాన్నగారు ఇప్పటికీ ధాన్యం బస్తాల లెక్క రాసుకుంటున్నారు, కాగితం మందమైనదే, ఇంకు అవతలికి దిగడం లేదు.