పర్లాకిమిడిలో ఫిట్స్ వస్తే: జిల్లా ఆసుపత్రికా, నేరుగా బరంపురానికా?

ఒడిశాలోని మా పర్లాకిమిడి వైపు ఎవరికైనా ఫిట్స్ రాగానే "బరంపురం తీసుకెళ్లిపోదాం" అంటారు. అక్కడి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ పెద్దదే. ఫిట్స్ మళ్లీ మళ్లీ వస్తున్నా, తలకు దెబ్బ తగిలినా చివరికి అలాంటి చోటికే వెళ్లాలి. కానీ దారి వంద కిలోమీటర్ల పైనే. ఫిట్స్ 5 నిమిషాలు దాటితే మెదడుకు ముప్పు. ముందు పడాల్సింది ఫిట్స్‌ను ఆపే లోరాజెపామ్ లేదా మిడాజోలమ్ లాంటి మందు. ఆక్సిజన్, షుగర్ పరీక్ష కూడా వెంటనే కావాలి. వీటి కోసం ఊళ్లోని జిల్లా ఆసుపత్రికే ముందు వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. ఫిట్స్ ఆగాక, డాక్టర్ రాసిస్తే 108లో బరంపురం.

ఎటు వెళ్లినా, దయచేసి చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో చెంచా పెట్టకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎప్పుడు మొదలైందో టైమ్ చూసుకోండి. డాక్టర్ మొదట అడిగేది అదే.