లార్జ్ అడ్వెంట్‌కి ఏ వూఫర్ పెట్టాలి? మూడు రకాలూ వాడాక నా రివ్యూ

లార్జ్ అడ్వెంట్ అంటే ఒక పాత అమెరికన్ స్పీకర్, వూఫర్ అంటే అందులో బేస్ పలికే పెద్ద కోన్ ఉన్న భాగం. చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తా. మీ పాత స్పీకర్లో ఒరిజినల్ వూఫర్ ఉండి, కాయిల్ (కోన్‌ని కదిపే తీగ చుట్ట) మాడకుండా ఉంటే దాన్ని పారేయకండి, కోన్ చుట్టూ ఉన్న ఫోమ్ అంచు ఒక్కటి మార్చుకోండి చాలు. ఒరిజినల్ లేకపోతే అదే మోడల్‌ది పాతది వెతకండి, ఫోమ్ మొత్తం పొడైపోయి ఉన్నా ఏం పర్లేదు. కొత్త వూఫర్ కొనడం ఆఖరి దారి, కొన్నా అంగుళాలు చూసి మాత్రం కొనొద్దు.

నేనుండేది బోస్టన్ పక్కన. ఈ అడ్వెంట్ స్పీకర్లు పుట్టిందీ ఇక్కడే, కేంబ్రిడ్జ్‌లో. హెన్రీ క్లాస్ అనే ఆయన 1954లో ఎడ్గార్ విల్చర్‌తో కలిసి ఏఆర్ అనే స్పీకర్ల కంపెనీ పెట్టాడు, 1957లో దాంట్లోంచి బయటికొచ్చి ఇంకో ఇద్దరితో కేఎల్‌హెచ్, మళ్ళీ అక్కణ్ణుంచి కూడా వచ్చేసి 1967లో అడ్వెంట్. మనిషి ఎక్కడా కుదురుగా ఉన్నట్టు లేడు గానీ మూడు చోట్లా మంచి డబ్బాలే చేశాడు. అందుకే ఈ చుట్టుపక్కల పాత ఇళ్ళ సామాన్లు అమ్మేటప్పుడు బేస్‌మెంట్లో ఏదో ఒక మూల అడ్వెంటో ఏఆరో కనిపిస్తూనే ఉంటుంది. నేను కొన్న జత కూడా అలాంటిదే, పెట్టెలు బాగున్నాయి, ట్వీటర్లు బాగున్నాయి (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు, వేయించిన గుడ్డులా ఉంటుందని వాటిని ఇక్కడ ఫ్రైడ్ ఎగ్ అంటారు), వూఫర్లు మాత్రం ఒరిజినల్ కాదు, ముందు ఓనర్ ఏవో మెరిసే ప్లాస్టిక్ కోన్‌వి 10 అంగుళాల కొత్త వూఫర్లు బిగించి ఉంచాడు.

నేను వాటితోనే చాలా నెలలు విన్నా, అంటే తొందరపడి తీర్పు చెప్పట్లేదు. పాట వేస్తే బేస్ ఉన్నట్టే ఉంటుంది, గట్టిగానే కొడుతుంది, కానీ కింద ఖాళీ. మృదంగంలో కుడిచేతి వైపు టకటకా బాగా తెలుస్తుంది, ఎడమ వైపు తొప్పి దెబ్బ పడ్డాక ఆ గుమ్మని సాగే ముక్క ఉండదు. ఆడ గొంతులైతే బీరువా వెనక నుంచి పాడుతున్నట్టు. మొదట నా ఆంప్‌ని అనుమానించా, తర్వాత గదిని, ఇంట్లోవాళ్ళు నా చెవుల్ని అనుమానించారు. చివరికి వూఫర్ విప్పి, కంప్యూటర్‌కి యూఎస్‌బీతో తగిలించుకునే కొలత డబ్బా ఒకటి కొని కొలిచా, అప్పుడు విషయం తెలిసింది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, భయపడకండి. అడ్వెంట్, ఏఆర్, కేఎల్‌హెచ్ ఇవన్నీ ఎకౌస్టిక్ సస్పెన్షన్ రకం. పెట్టెకి ఎక్కడా రంధ్రం ఉండదు, గాలి బయటికి పోదు. వూఫర్ కోన్‌ని వెనక్కి లాగే పని దాని సొంత అంచుది కాదు, పెట్టెలో ఇరుక్కున్న గాలిది. అందుకే ఆ వూఫర్‌ని కావాలనే చాలా వదులుగా చేశారు, వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది. బయట పెట్టి కొలిస్తే దాని రెజొనెన్స్ (కోన్ తనంతట తాను ఎక్కువగా ఊగే ఫ్రీక్వెన్సీ) 20 హెర్ట్జ్‌కి అటూ ఇటూ ఉంటుంది, పెట్టెలో బిగించాక గాలి పట్టుకోవడం వల్ల 40 దాటుతుంది. అంతా ఆ లెక్క మీద కట్టిన పెట్టె.

ఇప్పుడు మొదటి రకం, జతతో నాకు వచ్చిన ప్లాస్టిక్ కోన్ వూఫర్ సంగతి చూడండి. ఎఫ్ఎస్ (బయట పెట్టి కొలిచిన రెజొనెన్స్) 30, వీఏఎస్ (వూఫర్ ఎంత వదులుగా ఉందో గాలి లీటర్లలో చెప్పే అంకె) 60 లీటర్లు, క్యూటీఎస్ (రెజొనెన్స్ దగ్గర కోన్ ఊగుడు ఎంత అదుపులో ఉందో చెప్పే అంకె, తక్కువైతే అదుపెక్కువ) 0.35. పెట్టె లోపల సుమారు 45 లీటర్లు. 60ని 45తో భాగించి, 1 కలిపి, వర్గమూలం తీస్తే 1.53 వస్తుంది. దాంతో ఎఫ్ఎస్‌నీ క్యూటీఎస్‌నీ గుణిస్తే పెట్టెలో రెజొనెన్స్ 46 హెర్ట్జ్, క్యూ 0.53. 46 అనగానే పర్లేదే, ఒరిజినల్‌కి దగ్గరే కదా అనిపిస్తుంది, అక్కడే మోసం. క్యూ 0.53 అంటే ఆ 46 దగ్గరికి వచ్చేసరికే సౌండ్ ఐదు డెసిబెల్స్ పైగా పడిపోయి ఉంటుంది, పడటం మొదలయ్యేది ఇంకా చాలా పైనే. పెద్ద మేగ్నెట్ ఉన్న ఇప్పటి వూఫర్లు చాలావరకు ఇంతే, అవి గాలి రంధ్రం ఉన్న పెట్టెల కోసం చేసినవి. మేగ్నెట్ బరువుగా ఉంది కాబట్టి మంచి వూఫర్ అనుకుంటాం, మూసిన పెట్టెలో ఆ బరువే బేస్‌ని పీక నొక్కేస్తుంది. ఆడ గొంతుల సమస్య వేరే, అడ్వెంట్‌లో వూఫర్ దాదాపు 1000 హెర్ట్జ్ దాకా పాడాలి, దానిపైన ట్వీటర్ అందుకుంటుంది. సబ్‌వూఫర్ రకం కోన్‌లు బరువు, కాయిల్ ఇండక్టెన్స్ (పై ఫ్రీక్వెన్సీలని అడ్డుకునే గుణం) కూడా ఎక్కువ, కొన్ని వందల హెర్ట్జ్ దాటేసరికే చేతులెత్తేస్తాయి. మధ్యలో గొయ్యి పడుతుంది, సరిగ్గా మనిషి గొంతు ఉండే చోట.

ఇంత సులువైన లెక్క ఆ రోజుల్లోనే వూఫర్ మీద రాసేసి ఉండొచ్చు కదా అని మీకు రావచ్చు, నాకూ వచ్చింది. ఈ కొలతల పద్ధతి నెవిల్ థీల్ 1961లో ఆస్ట్రేలియాలో రాసిన పేపర్లో ఉంది, అమెరికాలో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్‌లో అది మళ్ళీ అచ్చయింది 1971లో, రిచర్డ్ స్మాల్ పేపర్లు ఆ తర్వాత 1972, 73ల్లో వచ్చాయి. అంటే అడ్వెంట్ బజార్లోకి వచ్చేనాటికి ఇవి జనంలో లేవు. అందుకే పాత వూఫర్ల మీద పార్ట్ నంబర్ దొరుకుతుంది గానీ ఈ అంకెలు దొరకవు. మనమే కొలుచుకోవాలి, లేదంటే ఎవరైనా కొలిచిన ఒరిజినల్ అంకెలు పట్టుకుని వెతకాలి.

రెండో రకం, "అడ్వెంట్‌కి డైరెక్ట్ రీప్లేస్‌మెంట్" అని పేరు పెట్టి అమ్మేవి. వీటిమీద నాకు మరీ చెడ్డ అభిప్రాయం ఏం లేదు, నిజం చెప్పాలి. ఒక జత తెప్పించి కొన్నాళ్ళు వాడా. ఎఫ్ఎస్ 28, వీఏఎస్ 90, క్యూటీఎస్ 0.45 వచ్చాయి, పైన చేసిన లెక్కే చేస్తే పెట్టెలో 48 హెర్ట్జ్, క్యూ 0.78, అంటే బేస్ వరకు బాగానే కుదిరింది, తొప్పి కూడా పలికింది. కానీ గొంతులు ముక్కుతో పాడినట్టు వచ్చేవి. అడ్వెంట్ క్రాసోవర్లో (వూఫర్‌కీ ట్వీటర్‌కీ సౌండ్ పంచే సర్క్యూట్) పార్టులు చాలా తక్కువ, అసలు కోన్ పైన ఎక్కడ తగ్గుతుందో ఎలా తగ్గుతుందో చూసుకుని అవి వేశారు, కోన్ మారితే ఆ లెక్క పోయినట్టే. కుక్కర్‌కి వేరే కంపెనీ గాస్కెట్ తెచ్చి వేస్తే సైజు అతికినట్టు సరిపోతుంది, విజిల్ మాత్రం రాదు చూడండి, అలా ఉంది నా పని. క్రాసోవర్ మళ్ళీ డిజైన్ చేసుకునే ఓపిక, మైకు పెట్టి కొలిచే తెలివి ఉన్నవాళ్ళకైతే ఇవి చాలు. కానీ అప్పుడది అడ్వెంట్ పెట్టెలో మీ సొంత స్పీకర్ అవుతుంది, అది కావాలనుకునేవాళ్ళు నిక్షేపంగా చేసుకోండి.

మూడోది అసలుది. ఇక్కడ ఒక మెలిక ఉంది. మొదటి రోజుల లార్జ్ అడ్వెంట్ వూఫర్ బయటికి 12 అంగుళాల ఫ్రేమ్, కోన్ 10 అంగుళాల క్లాసుది, మధ్యలో మేసొనైట్ చెక్క రింగు ఉంటుంది, ఫోమ్ ఆ రింగుకి అతుకుతుంది. తర్వాత వచ్చిన వాటిలో ఆ రింగు తీసేసి రేకు ఫ్రేమే వేశారు. రెండిటికీ ఫోమ్ కిట్ వేరు. మీది ఏదో చూసుకోకుండా కిట్ ఆర్డర్ పెట్టొద్దు. పెట్టె రంధ్రం కొలిచి 12 అంగుళాల వూఫర్ కొని తెచ్చి, ఇది అడ్వెంట్‌లో అస్సలు పాడట్లేదు అని తిట్టేవాళ్ళని కూడా చూశా.

దొరకడం ఎలా అంటే, నాకు దొరికినవి పాడైపోయిన పెట్టెల్లోంచి. బేస్‌మెంట్లో నీళ్ళొచ్చి పెట్టెలు ఉబ్బిపోయిన జతని ఒకాయన దాదాపు ఊరికే ఇచ్చేశాడు, లోపల వూఫర్లు పొడిగా భేషుగ్గా ఉన్నాయి. పార్టుల కోసం పెట్టెలు కొనడమే నా లెక్కలో మంచిది, విడి వూఫర్ కొరియర్లో తెప్పించడం కంటే. అంతకుముందు ఆన్‌లైన్లో ఒకరి దగ్గర తెప్పించా, న్యూస్‌పేపర్ చుట్టి పల్చటి అట్టపెట్టెలో వేసి పంపాడు మహానుభావుడు, దారిలో ఎక్కడో పడేసినట్టున్నారు, వెనక జిగురుతో అతికించిన మేగ్నెట్ పక్కకి జరిగిపోయి కాయిల్ ఇరుక్కుపోయింది. కోన్ బయటికీ రాదు లోపలికీ పోదు. దాన్ని బాగుచేయడం ఇంట్లో అయ్యే పని కాదు. డబ్బులు వెనక్కొచ్చాయి, వూఫర్ మాత్రం ప్రపంచంలో ఒకటి తగ్గింది, అదీ నా బాధ. కొరియర్ తప్పదనుకుంటే మాత్రం మేగ్నెట్ చుట్టూ గట్టి ఫోమ్ పెట్టి రెండు పెట్టెల్లో పంపమని ముందే అడగండి, దానికి ఎక్స్‌ట్రా ఇస్తానని కూడా చెప్పండి.

ఫోమ్ మార్చే పని చేత్తో చేసుకోవచ్చు, జతకి కిట్ ఇక్కడ ముప్పై డాలర్ల చుట్టూ ఉంటుంది. కష్టమంతా పాత జిగురు తీయడంలోనే. కోన్ కాగితంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదితో అద్దుతూ, నానాక చెక్క పుల్లతో గీకుతూ, సాయంత్రాలు కూర్చుని చేయాలి, టీవీ చూస్తూ చేసే పని కాదు, బ్లేడ్ తీసుకున్నారో కోన్ చిరుగుతుంది. కొత్త ఫోమ్ మొదట కోన్‌కి అంటించి ఆరనివ్వాలి, తర్వాత ఫ్రేమ్‌కి. ఆ రెండోసారే కాయిల్ మధ్యలో కూర్చోవాలి. కొందరు మధ్య టోపీ కోసి కాయిల్ చుట్టూ ఫిల్మ్ ముక్కలు దూర్చి సెంటర్ చేస్తారు. నేను టోపీ ముట్టను, ఫోన్‌లో 30 హెర్ట్జ్ టోన్ పెట్టి ఆంప్ ద్వారా చిన్న వాల్యూమ్‌లో ఇస్తా, కోన్ మెల్లగా ఊగుతుంటే చెవి దగ్గర పెట్టి గీసుకునే చప్పుడు వినపడని చోటికి ఫోమ్ జరుపుకుంటూ జిగురు పట్టేదాకా ఉంటా. రాత్రంతా ఆరాకే పెట్టెలో పెట్టడం. పెట్టెకీ వూఫర్‌కీ మధ్య పాత పుట్టీ ఎండిపోయి ఉంటుంది, అది కూడా మార్చండి, గాలి లీకైతే ఈ కష్టం అంతా దండగ. బిగించాక కోన్‌ని రెండు చేతులతో సమానంగా మెల్లగా నొక్కి వదిలితే వెంటనే టప్‌మని రాకూడదు, నెమ్మదిగా వెనక్కి రావాలి, అలా వస్తే పెట్టె బిగువుగా ఉన్నట్టు. పనిలో పనిగా ట్వీటర్ కెపాసిటర్లు కూడా మార్చేశా, పెద్ద ఖర్చు కాదు.

అప్పట్నుంచీ కొన్నేళ్ళుగా ఇవే నా హాల్లో ఉన్నాయి, రోజూ మోగుతున్నాయి. నాదస్వరం పక్కన డోలు వేస్తే గదిలో గాలి కదులుతుంది, ఎనభైల పాటల్లో బేస్ గిటార్ ఒక్కో స్వరం విడివిడిగా నడుస్తుంది. లోపాలూ ఉన్నాయి, సెన్సిటివిటీ తక్కువ, చిన్న ఆంప్‌తో పార్టీ సౌండ్ అడిగితే రాదు. ఫోమ్ ఇప్పటికి మెత్తగానే ఉంది కానీ ఇది కూడా పాలీయురెథేనే, పదిహేనేళ్ళకో ఇరవయ్యేళ్ళకో మళ్ళీ పొడి కావడం ఖాయం. అయితే రబ్బర్ సరౌండ్ వేస్తే పోలా అని చాలామంది అడుగుతారు. ఎక్కువకాలం ఉంటుంది నిజమే, కానీ బరువు, బిగువు రెండూ మారతాయి, వదులుగా ఉండాలని చేసిన వూఫర్‌కి నేనైతే వేయను. కెఫ్ బీ110 లాంటి బ్రిటిష్ వూఫర్లకి మొదట్నుంచీ రబ్బరే, వాటి కథ వేరు.

మన దగ్గర ఉన్నవాళ్ళ కోసం ఒక మాట. విజయవాడలో మా బాబాయి కొడుకు పాత ఫోమ్ సరౌండ్ స్పీకర్ల జత బాగుచేయించుకుందామని హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగి, "అన్నయ్యా, 95 డీబీ సెన్సిటివిటీ అంట, వాయించేస్తుంది అంటున్నాడు, తీసుకోనా" అని ఫోన్ చేశాడు. ఒరేయ్ ఆగు అన్నా. అవి పందిళ్ళలో పెట్టే పీఏ వూఫర్లు, చుట్టూ మడతల గుడ్డ అంచు, ఎఫ్ఎస్ 55 అలా ఉంటుంది, వీఏఎస్ 45 లీటర్లు అనుకుంటే మన 45 లీటర్ల పెట్టెలో 78 హెర్ట్జ్‌కి పోతుంది. వాయిస్తుంది, వాయించదని కాదు, కింద బేస్ ఉండదు, పైగా పాత ట్వీటర్ దాని పక్కన వినపడదు. కోన్ మార్చే మేస్త్రీలు ఆ చుట్టుపక్కల మంచి పనివాళ్ళే ఉన్నారు, కానీ వాళ్ళకి రోజూ వచ్చేవి డీజే స్పీకర్లు, మన వూఫర్ ఇచ్చి వదిలేస్తే కోన్ మొత్తం పీకి గట్టిది వేసేస్తారు, వాళ్ళ దృష్టిలో అది మేలు చేయడమే. ఫోమ్ మాత్రమే వేయాలి, కోన్ ముట్టొద్దు అని పక్కన నిలబడి చేయించుకోవాలి. ఫోమ్ రింగులు బరువు ఉండవు కాబట్టి మావాడికి ఇక్కణ్ణుంచి వచ్చేవాళ్ళతో పంపించా, సూట్‌కేసులో చొక్కాల మధ్య వెళ్ళిపోయాయి. విజయవాడ ఉక్కకి, తేమకి ఈ ఫోమ్ ఇక్కడికంటే తొందరగా పోతుంది, అదనంగా ఒక జత దాచుకుందామనుకున్నా పెట్టెలోనే ముసలిదైపోతుంది, అవసరమైనప్పుడే తెప్పించుకోండి.

పాత వూఫర్ కొనేముందు నేను అడిగేవి చెప్తా. మల్టీమీటర్‌తో టెర్మినల్స్ మధ్య రీడింగ్ ఫోటో, 8 ఓమ్స్ స్పీకర్‌కి ఐదారు ఓమ్స్ చూపించాలి, ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది. వెనక ముద్ర ఫోటో, రెండూ ఒకే తరంవి అవునో కాదో తెలియడానికి, ఎడమ కుడి వేర్వేరు తరాలవైతే నేను తీసుకోను. చేతికొచ్చాక 1.5 వోల్ట్ బ్యాటరీ క్షణం తగిలించి ప్లస్‌కి కోన్ బయటికి వస్తోందో లేదో చూడండి, పాత జేబీఎల్ వాటిలో మాత్రం ఎర్ర టెర్మినల్‌కి ప్లస్ ఇస్తే లోపలికి పోతుంది, పాడైందనుకోకండి, వాళ్ళ పద్ధతే అది. ఇక అమ్మేవాడే ఫోమ్ వేసి ఇస్తానంటే నేనైతే వద్దంటా, కుళ్ళిన ఫోమ్‌తోనే ఇమ్మంటా. ధర తగ్గుతుంది, పైగా ఎవరో సూపర్‌గ్లూతో వంకరగా అంటించిన ఫోమ్ ఊడదీయడం పొడైపోయిన ఫోమ్ తుడవడంకంటే పదింతలు కష్టం.