మౌలాలి నుంచి కీసర దాకా: గుట్టలు, గోరీ, డబుల్ బెడ్‌రూం ఇళ్లు

హైదరాబాద్ నుంచి కీసరగుట్టకు వెళ్లేవాళ్లలో చాలామంది మౌలాలి గుట్టను బస్సు కిటికీలోంచే చూసి పోతారు. ఈ దారిలో అసలు చూడాల్సింది ఆ గుట్ట అడుగునే ఉంది: మహలఖా బాయి చందా సమాధి. నిజాం కొలువులో కవయిత్రి, నర్తకి, జాగీర్దారు. 1792లో తల్లికి కట్టించిన ఈ తోటలోనే 1824లో తననూ ఖననం చేశారు. సున్నపు గారలో చేసిన పనితనం దగ్గరికెళ్లి చూస్తేనే తెలుస్తుంది. 2010-11లో అమెరికా ప్రభుత్వ నిధులతో బాగుచేశారు, లేకపోతే ఈపాటికి చుట్టూ ఉన్న ఇళ్లు మింగేసేవి. ఉస్మానియా యూనివర్సిటీ ఉన్న అడిక్‌మెట్ ఒకప్పుడు ఆమె జాగీరే. చివరికి ఆస్తి నిలువ నీడలేని ఆడవాళ్లకు రాసిచ్చిందంటారు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది. గేటుకు తాళం ఉంటే తిరిగి వచ్చేయకండి, పక్క ఇళ్లవాళ్లను అడగండి.

గుట్ట పైనున్న దర్గా కుతుబ్ షాహీల నాటిది. నాలుగు వందలకు పైగా మెట్లు. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యను ఎండలో ఎక్కిస్తే ఆ రోజంతా ఇంట్లో మాటలుండవు, ఉదయం ఎనిమిదిలోపే ఎక్కించండి. రజబ్ నెల ఉత్సవాలప్పుడు మాత్రం అడుగు పెట్టే చోటుండదు.

ఇక రాంపల్లి. ఈసీఐఎల్ నుంచి నాగారం మీదుగా కీసర పోతూ చౌరస్తాలో పక్కకు తిరిగితే ప్రభుత్వం పేదలకు కట్టించిన డబుల్ బెడ్‌రూం బ్లాకులు కనిపిస్తాయి. ఇక్కడ 6,240 ఇళ్లు, అహ్మద్‌గూడలో 4,428. ఒక్కోటి 560 చదరపు అడుగులు: రెండు పడగ్గదులు, హాలు, వంటిల్లు, రెండు బాత్రూంలు. జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) పరిధిలో తొమ్మిదంతస్తుల బ్లాకులకు ప్రభుత్వం లెక్కకట్టింది ఇంటికి 7.90 లక్షలు, రోడ్లు, నీళ్లు, డ్రైనేజీకి మరో 75 వేలు. లబ్ధిదారు పైసా కట్టక్కర్లేదు, పట్టా ఆడవాళ్ల పేరిట. ఇందాక గుర్తుంచుకోమన్న చందా మాట ఇక్కడికే.

ఇంత మంచి లెక్కలో గొడవెక్కడిది? ఇల్లు వచ్చింది నగరంలో అద్దెకుండేవాళ్లకు, కట్టింది ఊరి బయట. 2023లో లాటరీ తీసి పంచినప్పుడు ఎవరికి ఏ కాలనీ, ఏ అంతస్తు అన్నది అదృష్టం మీదే నడిచింది. నాలుగిళ్లలో పాచిపని చేసుకునే ఆమెకు ఇల్లు రాగానే ఆ నాలుగిళ్లూ దూరమైపోతాయి. అందుకే కొన్ని ఇళ్లకు తాళాలు, కొన్ని గుట్టుగా అద్దెకు. అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అన్నది నిబంధన, కాబట్టి అధికారులు సర్వేలు చేసి నోటీసులిస్తారు. మరోపక్క స్థానికుల వాదన: భూమి మా ఊరిది, మాకు మాత్రం ఇళ్లలో పది శాతమేనా? రెండు పక్కలా న్యాయముంది. నా మట్టుకు నాకు తప్పు తాళం వేసినవాళ్లది కాదు, స్థలం ఎంచినవాళ్లది.

రెండో చిక్కు లిఫ్టు. అంతస్తులు పెరిగేకొద్దీ లిఫ్టు, మోటారు, కామన్ కరెంటు బిల్లు నెలనెలా ఎవరో ఒకరు కట్టాలి. కాలనీలోని దుకాణాల అద్దెతో నడపాలన్నది మొదటి ఆలోచన. ఇళ్లవాళ్ల సంఘం గట్టిగా లేని బ్లాకులో లిఫ్టు ఆగితే బిందె మోసుకుంటూ పైకెక్కాల్సిందే. సొంత జాగా ఉన్నవాళ్లకు ఐదు లక్షలిచ్చే ఇందిరమ్మ ఇళ్లు బాగానే ఉన్నాయి గానీ, బస్తీలో అద్దెకుండేవాడికి జాగా ఎక్కడిది?

చూడటానికి వెళితే మెట్ల మీద నిలబడి ఫొటోలు తీయొద్దు. సర్వేవాళ్లనుకుని తలుపులేసుకుంటారు.

కీసరగుట్ట ప్రశాంతం. రామలింగేశ్వరుడి గుడి చుట్టూ ఆరుబయట చెల్లాచెదురుగా శివలింగాలు, విష్ణుకుండిన రాజుల నాటి ఇటుక గోడలు. బండ మీద చెక్కిన ‘తొలచువాండ్రు’ (రాతిని తొలిచేవాళ్లు) అన్న పాత తెలుగు మాట కోసమైనా వెళ్లాలి. కొబ్బరి చిప్ప సంచిలో దాచండి, కోతులు చేతిలోంచే లాక్కుంటాయి. ఉండాలంటే గుట్ట దగ్గరే టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, శివరాత్రికైతే చాలా ముందే అడగాలి.

సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ చిరునామా ఆధార్ చూపిన ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి జీరో టికెట్, అంటే ప్రయాణం ఉచితం. కీసర ఊళ్లో దిగాక గుట్టకు ఆటో. రానూపోనూ, ఆగే సమయంతో కలిపి ముందే మాట్లాడుకోండి. ఒకవైపుకే మాట్లాడుకుంటే తిరుగుదారిలో అతను చెప్పిందే రేటు.